కత్తిరించిన 14 నిమిషాలు



పోయిన వారం మన ఛానెల్‌లో ఒక తల్లి సాక్ష్యం పూర్తిగా, 22 నిమిషాలదీ, మళ్లీ పెట్టాను. పెట్టిన సాయంత్రం నుంచి ఫోన్లే ఫోన్లు. "అయ్యగారూ, వీడియో పాడైంది, నాలుగో నిమిషం కాడ తెర నల్లగైతుంది, గొంతు మాత్రమే వస్తుంది" అని. 11 మంది చేశారు. ఇంత శ్రద్ధగా చూస్తున్నందుకు సంతోషం. కానీ వీడియో పాడవలేదు. ఆ ఐదు నిమిషాలు నల్లగా ఉండటానికి కారణం నేను. అది ఎలా జరిగిందో చెప్పాలంటే కెమెరా సంగతులు, మెమరీ కార్డు సంగతులు కొన్ని చెప్పక తప్పదు. ఓపిక పట్టండి. చుట్టుపక్కల సంఘాల్లో ఆరాధన వీడియో తీసే యౌవనస్థులు నన్ను అడిగే ప్రశ్నలకూ ఇందులో కొంత జవాబు దొరుకుతుంది. నేను ఈ పనిలో పండితుణ్ని కాను. చేసిన తప్పుల లెక్క మాత్రం నా దగ్గర ఉంది.

ఆ తల్లి ఎవరో మన ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. అయినా పేరు రాయను. ఆమె పిల్లలిద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరం తలుపులు మూసినప్పుడు మన వీడియో పని ఫోన్‌తో మొదలైంది. ఫోన్ నుంచి యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలంటే అప్పట్లో ఛానెల్‌కు 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలనేవారు. మనకు 63 మంది, అందులో నలుగురు మా అత్తగారింటివాళ్లు. అందుకని ముందే రికార్డు చేసి, శనివారం రాత్రి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన సిగ్నల్ బాగుంటుందని ఫోన్ అక్కడ పెట్టి, వాన పడితే తీయాలని పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ని. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరుచుకోవచ్చన్నారు. కానీ అప్పటికే వీడియో అలవాటైపోయింది. ఊరి బయట ఉన్న పిల్లలు మాన్పనివ్వలేదు.

మరుసటి ఏడాది అమెరికాలో స్థిరపడిన మన ప్రాంతపు కుటుంబం ఒకటి, తాము వాడి పక్కన పెట్టిన చిన్న వీడియో కెమెరాను మందిరానికి ఇచ్చింది. కెమెరా మంచిదే. దానికీ మన కరెంటుకూ పడలేదు. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మన దేశంలో 50. మన ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చి తగ్గుతుంది, కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఆ కెమెరా సెకనులో 60వ వంతు షట్టర్‌తో, సెకనుకు 30 ఫ్రేములకు కొంచెం తక్కువగా తీస్తుంది. ఈ లెక్కలు కలవక మందిరం గోడ మీద వెలుగు అలలుగా పాకేది. నేను లైట్లు పాడయ్యాయనుకుని మూడు ట్యూబులు కొత్తవి వేయించాను. సంఘపు డబ్బు. చివరికి షట్టర్‌ను చేత్తో 100వ వంతుకు పెడితే అలలు ఆగిపోయాయి. మీ వీడియోలో వెలుగు మిణుకుమంటుంటే ముందు ఇది చూసుకోండి: మన దేశంలో 50వ వంతు గానీ 100వ వంతు గానీ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌ను తర్వాత పిలవవచ్చు.

రెండో చిక్కు నేను తెచ్చిపెట్టుకున్నది. ఇండియాలో 25 ఫ్రేములని ఎక్కడో విని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టును 25కు పెట్టాను. కెమెరా 30 తీస్తోంది, ప్రాజెక్టు అందులో 25 ఉంచుకుని మిగతావి పారేస్తోంది. దీవెన ఇవ్వడానికి చెయ్యెత్తితే అది మెట్లు ఎక్కినట్టు ఆగి ఆగి లేచేది. కెమెరా ఎన్ని ఫ్రేములు తీస్తే ప్రాజెక్టు కూడా అన్నే ఉండాలి. దేశం ఏదైతేనేమి.

మూడోది, ఆ కెమెరా పొడవైన రికార్డింగును ఒక్క ఫైలుగా పెట్టదు, ముక్కలు చేసి కార్డులో పెడుతుంది. నేను ఆ ముక్కల్ని విడివిడిగా లాగి వరుసగా పేర్చేవాణ్ని. అతుకు దగ్గర ఒక మాట మాయమయ్యేది. ఒకసారి "దేవుడు మనలను" దాకా వినిపించి, క్రియ మింగేసి, తర్వాతి వాక్యం మొదలైంది. ఏం చేశాడో ఎవరికి వాళ్లు అనుకోవాలి. కార్డులోని ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి, ఫోల్డరు మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తే ఆ ముక్కలు అతుకు లేకుండా కలుస్తాయని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక ధ్వని. కెమెరా వెనక బల్ల దగ్గర ఉంటుంది, పైన ఫ్యాన్లు. అందులో ఫ్యాన్ల ఆరాధన బాగా వినిపించేది. అందుకని పాస్టరమ్మ ఫోన్‌ను ప్రసంగ పీఠం మీద పెట్టి రికార్డర్ ఆన్ చేయడం మొదలుపెట్టాం. బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట. రెంటినీ కలపడానికి ఒక గుర్తు కావాలి. సినిమావాళ్లు చెక్క పలక కొడతారు కదా, అలాంటిది. ఆరాధన మొదట్లో నేను "ప్రభువుకు చప్పట్లతో స్తుతి చెల్లిద్దాం" అని, మొదటి చప్పట్టు మైకు దగ్గర కొంచెం గట్టిగా కొట్టడం మీరు గమనించే ఉంటారు. అందులో స్తుతి ఎంతో, ఎడిటింగ్ ఎంతో ప్రభువుకే తెలుసు. అలా కలిపినా, కెమెరా గడియారం, ఫోన్ గడియారం పూర్తిగా ఒకే వేగంతో నడవవు గనుక గంట గడిచేసరికి పెదవికీ మాటకూ మళ్లీ సందు పడుతుంది. మధ్యలో ఇంకోసారి చప్పట్లు కొట్టించేది అందుకే.

ఇవన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. దిద్దుకోలేనిది ఇంకొకటి చేశాను.

2023 నవంబరులో మన కోత పండుగనాడు ఆ తల్లి లేచి సాక్ష్యం చెప్పింది. ఎప్పుడూ ముందుకు రాని మనిషి. మన పాలమూరు కూలీల కథ మీకు నేను చెప్పేదేముంది. గుంపు మేస్త్రీ చేతిలో అప్పు పడటం, తట్టా పారా పట్టుకుని ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ బంగళా లేస్తే అక్కడికి పోవడం. మన తాతలు చేశారు, మన తల్లులు చేశారు. ఆమె మాదాపూర్ పోయింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు, ఆ తర్వాత ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టల మధ్య ఒకదాని వెనక ఒకటి భవనాలు లేచాయి. అలాంటి ఒక కట్టడంలో ఆమె తట్టలు మోసింది. దాని పేరు ఆమెకు అప్పుడూ తెలియదు, ఇప్పుడు చూపించమన్నా చూపించలేనంది. చిన్నవాడు పాలుతాగే పిల్లవాడు. ఆ పిల్లవాడే ఇప్పుడు మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు.

సాక్ష్యం 22 నిమిషాలు. నేను 8 నిమిషాలకు కుదించి ఛానెల్‌లో పెట్టాను.

ఎందుకు కుదించావంటే నా దగ్గర మంచి కారణాలున్నాయి. ఎనిమిది పది నిమిషాలు దాటితే మీరు చూడరు, యూట్యూబ్ ఆ లెక్క నాకు చూపిస్తుంది. డేటా ఖర్చు. సమయం. ఇవన్నీ నిజమే. కానీ ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు నేను అనుకున్నది వేరు. ఆమె మధ్యలో కూతురి సంగతి ఎత్తుకుని ఏడ్చింది. ఇదేమిటి, సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలి గాని, ఇంటి సంగతులు, తల్లి తప్పులు ఇవన్నీ నలుగురూ చూసేచోట ఎందుకు, కుటుంబానికి చిన్నతనం కాదా అనుకున్నాను. కట్ చేశాను. కట్ చేసిన చోట తెలియకుండా మన మందిరం శిలువ బొమ్మ రెండు సెకన్లు వేశాను. పట్టాల మీద బండి నడిచినట్టు నడిచింది సాక్ష్యం. కష్టపడ్డాను, దేవుడు నా కొడుకును ఉద్యోగంలో కూర్చోబెట్టాడు, స్తోత్రం. చూసినవాళ్లంతా ఎంతో ఆశీర్వాదకరంగా ఉందన్నారు.

తర్వాత లాప్‌టాప్‌లో చోటు లేక అసలు ఫైళ్లు తీసేశాను. డిసెంబరులో పిల్లల క్రిస్మస్ కార్యక్రమం ముందు కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేశాను. దావీదు చేసిన పాపాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఎవరూ కత్తిరించలేదని ఎన్నో ఆదివారాలు మీకు ప్రసంగించినవాణ్ని నేనే.

మరుసటి ఏడాది వానల్లో ఆ తల్లి ప్రభువు సన్నిధికి వెళ్లింది. ఈ సంవత్సరం ఆగస్టులో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆ కూడికలో పక్కింటామె ఎవరో కూతురితో మాటవరసకు అన్నదట, కోత పండుగనాడు మీ అమ్మ నీ పేరు తీసుకుని ఎంత ఏడ్చిందో అని. కూతురు ఆ ఆదివారం మందిరంలో లేదు. ఆమె కూడా హైదరాబాదులోనే ఉంటుంది, రాయదుర్గం వైపు ఒక పెద్ద ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. నాలుగు రోజుల తర్వాత నాకు ఫోన్ చేసింది.

"అయ్యగారూ, అమ్మ నా పేరు దీసిందంట. గా ముక్క యూట్యూబ్‌ల లేదు. మొత్తం సూసిన, రెండుసార్లు సూసిన. యాడుంది?"

"చూస్తానమ్మా, కంప్యూటర్‌లో వెతకాలి" అన్నాను. వెతకడానికి అక్కడేమీ లేదని చెబుతూనే నాకు తెలుసు.

ఆ రాత్రి పాస్టరమ్మకు చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. లేచి, కుట్టుమిషను సొరుగులో సూదులూ గుండీలూ వేసుకునే రేకు డబ్బా తీసి, అందులోంచి ఆ పాత 16 జీబీ కార్డు నా చేతిలో పెట్టింది. 2024 జనవరిలో మనం 32 జీబీ కార్డు కొన్నాం, గుర్తుందా, కానుకల పెట్టెలోంచే. అప్పటినుంచి పాత కార్డు ఆ డబ్బాలో గుండీల మధ్య ఉంది. క్రిస్మస్ కార్యక్రమం తర్వాత దానిమీద ఇంకేమీ పడలేదు. ఇంకో సంగతి కూడా చెప్పింది. పీఠం మీద పెట్టే తన ఫోన్‌లో ఆదివారాల రికార్డింగులు ఒక్కటీ తీసేయలేదట. ఫోన్ నిండిపోయింది, పనికిరానివి తీసేయమని ఆమెను నేను ఎన్నిసార్లు మందలించానో లెక్కలేదు.

శనివారం పొద్దున్నే బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగాను. మెట్రోలో అమీర్‌పేట, అక్కడ రైలు మారి హైటెక్ సిటీ స్టేషన్. కింద రోడ్డు మీద కార్లు కదలకుండా నిలబడి ఉంటే పైన మన రైలు పోతుంది. జేబులో కార్డు ఉందా లేదా అని ప్రతి స్టేషన్‌లో తడిమి చూసుకున్నాను. తప్పిపోయిన నాణెం కోసం ఇల్లూడ్చిన స్త్రీకి కనీసం అది ఇంట్లోనే ఉందనే నమ్మకం ఉంది.

అబ్బాయి అయ్యప్ప సొసైటీలో ఒక హాస్టల్‌లో ఉంటాడు. గదికి ముగ్గురు. మిగతా ఇద్దరూ రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారు, మేము గుసగుసగా మాట్లాడుకోవలసి వచ్చింది. జరిగింది చెప్పాను. ఎందుకు కట్ చేశానో మాత్రం అప్పుడు చెప్పలేదు. నిడివి ఎక్కువైంది బాబూ అన్నాను.

అతను కార్డు చేతిలోకి తీసుకుని చేసిన మొదటి పని, దాని పక్కనున్న చిన్న బొత్తాన్ని కిందికి జరపడం. లాక్ అని రాసి ఉంటుంది చూడండి, ఎవరూ పట్టించుకోరు. అది జరిపితే కార్డు మీద కొత్తగా ఏదీ రాయబడదు. రెండో పని, కార్డు మొత్తానికి అక్షరం పొల్లు పోకుండా ఒక నకలు తీసి లాప్‌టాప్‌లో పెట్టుకోవడం. "ఇంక కార్డుతో పనిలేదు అయ్యగారూ, వెతుకుడంతా నకలులోనే. ఏదన్నా తప్పుజేస్తే మళ్లొక నకలు తీస్త" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఫార్మాట్ అంటే నేననుకున్నట్టు తుడిచేయడం కాదు. మామూలు ఫార్మాట్ పుస్తకంలోని విషయసూచిక పేజీని చింపుతుంది, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్త రాత పడినప్పుడే పాతది నిజంగా పోతుంది. కార్డు విషయంలో ఇలా. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీ అలా కాదు, తీసేసిన చోటును తనే లోపల శుభ్రం చేసుకుంటుంది, కాబట్టి నా లాప్‌టాప్‌లో వెతికి లాభం లేదు. నాకు అప్పటిదాకా కార్డు చిన్నది, లాప్‌టాప్ పెద్దది, దొరికితే లాప్‌టాప్‌లోనే దొరకాలి అనే ఆశ ఉండేది.

ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపాడు. అది సూచికను చూడదు, కార్డంతా మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోయి, ఇది వీడియోలా ఉంది, ఇది ఫోటోలా ఉంది అని గుర్తుపట్టి ముక్కలు పోగుచేస్తుంది. పేర్లు ఉండవు, తేదీలు ఉండవు. మిగిలిన ముక్కలు ఏదీ పారేయకుండా పోగుచేయమని ప్రభువు శిష్యులతో చెప్పిన సంగతి నాకు ఆ తెర మీద అంకెలు పెరుగుతుంటే గుర్తొచ్చింది. పైకి చెప్పలేదు. పక్క మంచాల మీద వాళ్లు నిద్రపోతున్నారు.

లెక్క ఇలా ఉంది. మన కెమెరా గంటకు ఏడున్నర జీబీ దాకా తీసుకుంటుంది. కోత పండుగ ఆరాధన రెండు గంటలు, కార్డు దాదాపు నిండింది. తర్వాత పిల్లల కార్యక్రమం ఒక గంట, కార్డు మొదటి సగం మీద పడింది. ఆమె సాక్ష్యం 50వ నిమిషం దగ్గర మొదలైంది. అంటే సాక్ష్యంలో మొదటి 10 నిమిషాలు గొల్లల వేషాల కింద, తారంగం పాటల కింద పోయాయి. చివరి 12 నిమిషాలు ఉన్నాయి. ఇంకొకటి కూడా కలిసొచ్చింది. ఫోన్‌తో తీసే ఎంపీ4 ఫైలుకు లోపల కూడా ఒక సూచిక ఉంటుంది, అది లేకపోతే ఫైలు తెరుచుకోదు. మన పాత కెమెరా ఫైలు వేరే రకం, 192 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా ఉంటుంది, మధ్యలోంచి తెగినా మిగిలింది ఆడుతుంది. మధ్యాహ్నానికి ఆమె ముఖం తెర మీదికి వచ్చింది. ఆకుపచ్చ చారలు ఒక క్షణం, తర్వాత ఎర్రంచు చీర.

మొదటి 10 నిమిషాల్లో నేను ఛానెల్‌లో పెట్టిన భాగం 5 నిమిషాలు. దాన్ని మన ఛానెల్ నుంచే దించుకున్నాడు. అసలంత స్పష్టంగా లేదు, పైగా నా 25 ఫ్రేముల పుణ్యమా అని కొంచెం ఆగి ఆగి కదులుతుంది. అలా చూస్తే నేను కత్తిరించిన 14 నిమిషాల్లో 9 నిమిషాలు బొమ్మతో సహా దొరికాయి. మిగిలిన 5 నిమిషాలకు బొమ్మ ఇక ఎక్కడా లేదు. నాలుగో నిమిషం నుంచి తొమ్మిదో నిమిషం దాకా. కూతురి మాట ఎత్తింది అక్కడే.

పాస్టరమ్మ ఫోన్‌లోని గొంతును చప్పట్టు చూసి జతచేస్తూ, హెడ్‌ఫోన్ పెట్టుకుని అబ్బాయి ఆ ఐదు నిమిషాలు విన్నాడు. నాకు వినిపించడం లేదు, అతని ముఖమే కనిపిస్తోంది. కాసేపటికి హెడ్‌ఫోన్ తీసి, "లాప్‌టాప్ బాగ వేడైంది అయ్యగారూ, జరసేపు ఆపుదాం" అని బయటికి వెళ్లాడు. లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి చూశాను. అంత వేడిగా ఏమీ లేదు. హెడ్‌ఫోన్ తీసి నేను పెట్టుకున్నాను.

ఆమె అన్నది ఇది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నాకు ఇద్దరు. పెద్దది ఆడివిల్ల, సిన్నోడు మొగోడు. ఈ సిన్నోన్ని ఎత్తుకునేటందుకు దాన్ని రెండో తరగతిల బడి మాన్పిచ్చిన. నేను తట్ట మోస్తుంటే అది నీడకు కూసోని తమ్మున్ని ఊపుతుండె. యాడ్నో బడి గంట ఇనవడితే లేసి నిలవడుతుండె. నేను సూసిన. సూసి సూడనట్టు పోయిన. దేవుడు నీ కొడుక్కు మేలు జేసిండని మీరందరు అంటున్రు. జేసిండు. గానీ నా బిడ్డ కాడికెల్లి గుంజుకొని నా కొడుక్కిచ్చింది నేను. అది దేవుని మీద పెట్టొద్దు. నా బిడ్డ ఈడ లేదు. ఉంటే దాని కాళ్లు మొక్కుదును."

నేను 23 ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను. అది దేవుని మీద పెట్టొద్దు అని ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినామెను కత్తిరించాను.

అబ్బాయి తిరిగి వచ్చాక అసలు కారణం చెప్పాను. నిడివి కాదు బాబూ, మీ ఇంటి పరువు అనుకున్నాను అని. అతను తల ఊపాడు. "నాకు ఎప్పుడు చెప్పలే ఇది. అక్క బడికి పోలేదని తెల్సు. ఎందుకని అడగలే" అన్నాడు. తర్వాత ఆ ఐదు నిమిషాలకు తెర మీద ఏం పెట్టాలా అని ఆలోచించాం. అతను అమ్మ ఫోటో పెడదామన్నాడు. నేను అలవాటు కొద్దీ సూర్యాస్తమయం, శిలువ ఉన్న బొమ్మ ఒకటుంది అన్నాను. నా వీడియోలన్నిట్లో అదే ఉంటుందని మీకు తెలుసు. చివరికి అక్కను అడుగుదామనుకున్నాం.

ఆమె డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. మగపిల్లల హాస్టల్‌లోకి ఆడవాళ్లను రానివ్వరు గనుక కింద సందు చివర చాయ్ దుకాణం దగ్గర స్టూళ్ల మీద కూర్చున్నాం. ఆఫీసు ఇచ్చిన నీలం కోటు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చింది. తమ్ముడు లాప్‌టాప్ ఆమె ఒళ్లో పెట్టి, హెడ్‌ఫోన్ ఆమె చెవులకు తనే పెట్టాడు. చాయ్ వచ్చింది. ఆమె ముట్టలేదు. తెర నల్లబడినప్పుడు ఒకసారి మా వైపు చూసి, చెడిపోలేదని తమ్ముడు చేత్తో సైగ చేస్తే మళ్లీ తెరవైపు తిరిగింది. కళ్లు మూసుకోలేదు. ఐదు నిమిషాలూ ఆ నలుపునే చూసింది.

పూర్తయ్యాక మొదట అడిగింది ఇది: "బడి గంట సంగతి అమ్మకు ఎర్కనా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. వెనక్కి జరిపి ఆ ఒక్క ముక్క మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాడు.

నల్లగా ఉన్నచోట ఏదైనా ఫోటో వేద్దామా అక్కా అని తమ్ముడు అడిగాడు. "ఎందుకు? అప్పుడు గూడ నాకు అమ్మ కనవడకపోతుండె. పైన అంతస్తుల మీద ఉంటుండె. గొంతే ఇనవడుతుండె. గట్లనే ఉండనీ" అంది.

తర్వాత నా వైపు తిరిగి, "మీరెందుకు తీసేసిన్రు అయ్యగారూ?" అని అడిగింది. తమ్ముడికి చెప్పిందే ఆమెకూ చెప్పాను. పరువు అనుకున్నానమ్మా, తప్పు చేశాను, క్షమించు అన్నాను. ఆమె సరే అనలేదు, పర్వాలేదు అనలేదు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, దీన్ని నా ఫోన్‌ల ఎక్కియ్యి అని తమ్ముడికి ఫోన్ ఇచ్చింది. అది ఎక్కేదాకా కూర్చుని, బస్సు టైమైందని లేచింది. తమ్ముడు బస్టాపు దాకా వెళ్లాడు. నేను స్టూలు మీదే కూర్చున్నాను.

ఛానెల్‌లో అందరికీ కనిపించేలా పెట్టమని చెప్పింది ఆమే, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి. పాత 8 నిమిషాల వీడియో తీసేశాను.

ఇకమీదట ఏ రికార్డింగైనా మూడుచోట్ల ఉంటుంది. ఒకటి మందిరంలోని హార్డ్ డిస్కులో, ఒకటి నా లాప్‌టాప్‌లో, ఒకటి హైదరాబాదులో ఆ అబ్బాయి దగ్గర. మూడూ ఒకే ఇంట్లో ఉంటే పిడుగు పడినా దొంగ పడినా మూడూ ఒకేసారి పోతాయని అతనే చెప్పాడు. మూడుచోట్లా తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్.

చివరిగా ఒక ప్రకటన. 2021 నుంచి మన ఛానెల్‌లో పెట్టిన సాక్ష్యాలలో నేను కుదించనిది ఒక్కటీ లేదు. వాటి బొమ్మ నా దగ్గర లేదు, మళ్లీ రాదు. కానీ పాస్టరమ్మ ఫోన్‌లో 31 ఆదివారాల గొంతులు మొదటి చప్పట్టు నుంచి ఆఖరి ఆమేన్ దాకా ఉన్నాయి. ఎవరెవరివి ఉన్నాయో జాబితా రాసి మందిరం తలుపుకు అంటించాను. అందులో ఇప్పుడు మన మధ్య లేనివాళ్లు ఆరుగురు. మీ అమ్మదో నాన్నదో కావాలంటే ఆదివారం కూడిక తర్వాత పెన్‌డ్రైవ్ పట్టుకుని రండి. 8 జీబీది చాలు. పెన్‌డ్రైవ్ లేనివాళ్లు ఫోన్ తెచ్చుకోండి, చార్జింగ్ పెట్టుకుని రండి. నేను ఏ ముక్క తీసేశానో, ఎందుకు తీసేశానో అడిగితే గుర్తున్నంతవరకూ చెబుతాను.